భైరవదేవుడు మాట్లాడడు

ఆగస్టు 2

పైన ఉండే జబీన్ ఇచ్చిన పుస్తకం మళ్ల మొదటికెల్లి మొదలుపెట్టిన. "మౌనదుర్గం" నవల. అట్టలు ఊడిపోయినయి, రాసినామె పేరున్న పేజీ గూడ లేదు. భైరవదేవుడు కోట గోడ మీద నిలబడి చెరువు దిక్కు చూస్తుంటడు. మందారిక మెట్ల కింద దీపం పట్టుకొని ఆయన్ని చూస్తుంటది. ఆయన తిరగడు. "ఇక్కడికి రావద్దని చెప్పాను" అంటడు. గంతే. నాకు ఒళ్లు జలదరిస్తది. ఎన్నిసార్లు చదివినా అక్కడికి రాంగనే పుస్తకం మూసి జరసేపు కండ్లు మూసుకుంట.

పొద్దుగాల నేను సద్ది కడుతుంటే మా ఆయన తలుపు కాడ నిలబడి బయటికి చూస్తున్నడు.

"బావా, పప్పు పెట్టనా, వంకాయ పెట్టనా?" అన్న.

పలుకలే. మళ్ల అడిగిన.

"ఏదో ఒకటి" అన్నడు, ఇటు తిరగకుంటనే.

అచ్చం భైరవదేవుడే అనిపించింది. నవ్వొచ్చింది.

నవ్వొచ్చిందని ఎందుకు రాసిన్నో. రాలే.

ఆగస్టు 5

గేటు కాడ బండి సప్పుడు ఆగంగనే చేతుల పని ఇడిచి లేచి నిలబడుత. ఇదివరకు గిట్ల లేకుండె. పెండ్లయి భూపాలపల్లికి వచ్చిన కొత్తల ఆయన బొగ్గుబాయి కాడికెల్లి రాంగనే "మనీషా, చాయ్" అని గేటు కాడికెల్లే ఒర్లేటోడు. బొగ్గు మరకలు తోముకుంట బాత్రూంలకెల్లి షిఫ్టు ముచ్చట్లన్నీ చెప్పేటోడు. ఎవ్వడు కునికిపాట్లు పడ్డడు, ఎవ్వడు ఎవ్వని డబ్బా తిన్నడు. ఎక్కువ ప్రేమన్న ముచ్చట్లే. ప్రేమ్‌సింగ్ అంటే ఈయనకు సొంత అన్న లెక్క. మా బరాత్‌ల అందరికన్న ఎక్కువ ఎగిరింది ఆయనే.

జూన్‌ల బాయిల పైకప్పు కూలి ప్రేమన్న పోయినప్పటి సంది ఈయన మాట తగ్గింది. తగ్గి తగ్గి ఇప్పుడు లేనే లేదు. దోస్తు పోతే ఎవలికైనా బాధ ఉంటది. ఆ దినం ఈయన ఇంకో దిక్కు పనిల ఉన్నడట, ఆయనే చెప్పిండు. కొమురెల్లి మల్లన్నకు మొక్కిన నేను.

కని ఇంకా గదే బాధనా? ఇంకేమన్న ఉన్నదా?

ఆగస్టు 9

వంటింట్ల గిన్నెల స్టాండు ఊడిపడ్డది. మొలలు ముందే లూజు. నేను కింద కూసొని బెండకాయలు తరుగుతున్న, ఆయన పక్కన నిలబడి నీళ్లు తాగుతున్నడు. ధడేల్మని ఒక్కటే సప్పుడు. ఆయన నన్ను పక్కకు తోసి, గిన్నెల మీదికెల్లి దునికి, తలుపు గుద్దుకుంట బయటికి పోయిండు. చెప్పులు లేకుంట రోడ్డు దాకా ఉరికిండు. నా మోచెయ్యి పొయ్యిగట్టుకు కొట్టుకున్నది.

చానసేపటికి వచ్చిండు. దెబ్బ తాకిందా అని అడుగుతడనుకున్న. ముఖంల నెత్తురు చుక్క లేదు. "ఆ స్టాండు మళ్ల పెట్టకు" అన్నడు.

గంత కోపం ఏంది? గిన్నెలు పడితే పెండ్లాన్ని తోస్తరా?

పుస్తకం తీసిన. వీణ తీగ తెగినప్పుడు భైరవదేవుడు ఉలిక్కిపడి మందారిక చెయ్యి విసిరికొడతడు. తర్వాతి పేజీల ఒక్కడే గోడకు ఆనుకొని "ఆమెను గాయపరిచాను" అని కుమిలిపోతడు. ఆ సంగతి మందారికకు తెల్వదు. చదివెటోళ్లకే తెలుస్తది.

ఈయన గూడ రోడ్డు మీద గట్లనే అనుకున్నడేమో. అనుకునే ఉంటడు.

ఆగస్టు 10

మోచెయ్యి వాసింది. అవ్వ ఫోన్ చేస్తే మంచిగనే ఉన్న అన్న.

ఆగస్టు 13

జబీన్ వాళ్లది మా పై పోర్షన్. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అడిగిన, "నీకు భైరవదేవుడు ఎందుకు ఇష్టమే?" అని.

"వాడు ఆమె దిక్కు తప్ప ఎటు చూడడు. మా అజహర్ నేను మాట్లాడుతుంటే ఫోన్ల క్రికెట్ చూస్తడు."

"ఆమె దిక్కు గూడ చూడడు గదనే."

"చూడనట్టు చూస్తడు. గదే మజా." నోట్ల క్లిప్పు పెట్టుకొని నవ్వింది. "అరె, వాడు మన లెక్క మాట్లాడితే ఎట్లుంటదో సోచాయించు. 'ఓ పిల్లా, ఈడికి రావొద్దన్న గదా, జర సమజ్ కాదా నీకు' అంటే?"

ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వినం. ఎన్ని దినాలైందో గట్ల నవ్వి.

నవ్వుడు అయిపోయినంక జబీన్ అన్నది, "నిజంగ గసుంటోడు ఇంట్ల ఉంటే నేనైతే రెండో దినమే అమ్మీ కాడికి పోత. పుస్తకంల అయితే పేజీ మూస్తే వాడు ఊకుంటడు. గీ చెయ్యికేమైంది?"

"గిన్నెల స్టాండు పడ్డది."

అబద్ధం గాదు గదా. స్టాండు పడ్డది.

కిందికి వచ్చి ఆలోచన చేసిన. నాకెందుకు ఇష్టం? మాట్లాడనోడు పుస్తకంల ఎందుకు గంత మంచిగుంటడు? ఆఖరికి ఒకనాడు మాట్లాడుతడని మనకు ముందే ఎర్క గనక. ఆ ఒక్క మాట కోసం మందారిక గన్ని పేజీలు మెట్ల కింద నిలబడుతది. ఓపిక పడితే దొరుకుతది. నేను గూడ పడుతున్న. నాది ఎన్నో పేజీనో చెప్పేటోళ్లే లేరు.

ఆగస్టు 18

ఇయ్యాల సెలవని ఇంట్లనే ఉన్నడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బాయి దిక్కు బొగ్గు కోసం బ్లాస్టింగ్ అయ్యింది. రోజు అయ్యేదే, కిటికీలు జర అదురుతయి, మనకు అలవాటే. తింటున్న పళ్లెం వదిలేసి బాత్రూంల పోయి గొళ్లెం పెట్టుకున్నడు. నల్లా ఇప్పిండు. నీళ్లు పోతనే ఉన్నయి. తలుపు కొట్టిన. "బావా, కడుపు బాగలేదా?"

"పో అక్కడికెల్లి" అన్నడు. ఆ గొంతు నేను ఎప్పుడు ఇనలే.

పోయిన. వంటింట్ల తలుపు ఎనుక కూసున్న. ఎందుకు కూసున్న? ఆయన నన్ను ఎప్పుడు కొట్టలే. కొడతడని గాదు. ఏమైతదో తెల్వక.

ఆగస్టు 21

ఆయన స్నానంల ఉంటే ఫోన్ మోగింది. "సోమ్లీ" అని పేరు. ఎత్తి హలో అన్న.

"ఎవలు, మనీషానా?" అని ఆడగొంతు.

నా పేరు ఎట్ల ఎర్క? నేను మాట్లాడేలోపటనే ఆయన తడి చెయ్యితోని ఫోన్ గుంజుకొని కట్ చేసిండు.

"ఎవలు?"

"ఎవ్వలు గాదు."

ఆ నంబర్ నాకు నోటికి వచ్చింది. రాసుకోలే. మర్చిపోదామనే రాసుకోలే. మర్చిపోలే.

ఆగస్టు 22

భైరవదేవుని మనసుల ముందు ఇంకో ఆమె ఉంటది. చంద్రప్రభ. చెరువుల మునిగి సచ్చిపోతది. గందుకే రోజు చెరువు దిక్కు చూస్తడు. మందారిక కుళ్లుకోదు. "ఆ దుఃఖంలో నాకు కొంచెం చోటివ్వండి, చాలు" అంటది. ఇదివరకు ఆడ నాకు ఏడుపొచ్చేది.

ఇయ్యాల పుస్తకం గోడకు కొట్టిన. కుట్టు ఊడింది. జబీన్‌కు ఏం చెప్పాలె?

ఆగస్టు 26

కట్టయ్య అని ఆయనతోటి పనిచేసే పెద్దమనిషి వచ్చిండు. గేటు కాడనే నిలబడి అడిగిండు.

"బిడ్డా, భాస్కర్ పానం ఎట్లుంది? బాయికి వస్తనే లేడు గద. మస్టర్ల హాజరు పడక చాన దినాలైంది. నౌకరికి దెబ్బ తగులుతదని చెప్పిపోదామని వచ్చిన."

ఆయన పొద్దుగాలే సద్ది పట్టుకొని, డ్యూటీ బట్టలు ఏసుకొని పోయిండు. రోజు పోతున్నడు. నేను రోజు సద్ది కడుతున్న.

"జ్వరం కాక. తగ్గుతున్నది" అన్న. నా నోరు గంత తొందరగ అబద్ధం ఆడుతదని నాకే తెల్వదు.

కట్టయ్య కాక ఏదో అడగబోయి ఆగిండు. "కండ్ల ముందట అయిన పని గదా బిడ్డా, టైం పడుతది" అనుకుంట పోయిండు.

కండ్ల ముందట అంటే? ఈయన ఇంకో దిక్కు ఉన్నడన్నడు గదా. అందరు బాయి లోపటనే ఉంటరు, గట్ల అన్నడేమో.

రోజు ఏడికి పోతున్నడు? సోమ్లీ కాడికే.

ఆగస్టు 27

అడిగిన. "సోమ్లీ ఎవలు? బాయికి పోకుంట ఏడికి పోతున్నవ్?"

మంచం మీదికెల్లి లేచిండు. నా దిక్కు వస్తున్నడనుకున్న. గోడకు పిడికిలితోని గుద్దిండు. మళ్ల గుద్దిండు. సున్నం రాలింది, వేళ్ల గనుపులకెల్లి నెత్తురు. నేను తలుపు దిక్కు జరిగిన.

"నువ్వు మీ అవ్వ కాడికి తరిగొప్పుల పో" అన్నడు. "నా కాడ ఉండకు. పో మనీషా."

భైరవదేవుడు గూడ అంటడు. "నా నీడ కూడా నీ మీద పడకూడదు, వెళ్లిపో మందారికా" అని. ఆమె పోదు. మెట్ల కింద కూసుంటది. పొద్దుగాల ఆయన వచ్చి ఆమె మీద శాలువా కప్పుతడు.

నేను బ్యాగు సదిరిన. నేను మందారికను గాదు. నాకు భయమైతున్నది.

ఆగస్టు 30

తరిగొప్పుల. పత్తిల కలుపు నడుస్తున్నది. అవ్వతోని పోతున్న. వంగి తీస్తుంటే ఏం యాదికి రాదు, నడుము లేపితే అన్నీ వస్తయి.

అవ్వ గట్టు మీద కూసోబెట్టి అడిగింది.

"కొడుతుండా?"

"లేదవ్వా."

"తాగుతుండా?"

"లేదు."

"మరేంది?"

"మాట్లాడడు."

అవ్వ సద్దిమూట ఇప్పుకుంట చెప్పింది. "మీ బాపు గూడ మాట్లాడకపోవు. నేను పిలిస్తే దూరం చూసుకుంట ఉండు. లోపట నా మీద ఎంత ప్రేమనో, బయటికి చెప్పుకోడు అని సంబురపడుకుంట ఎన్నేండ్లు ఉన్ననో. జనగామ దవాఖానల చూపిస్తే తెలిసింది. చెవుడు."

నవ్వలేదు అవ్వ. "అడగాలె బిడ్డా. మనమే అనుకుంట కూసుంటే ఏదైనా అనుకోవచ్చు."

అవ్వకు సోమ్లీ సంగతి చెప్పలే.

సెప్టెంబర్ 1

నోటికి వచ్చిన నంబర్‌కు ఫోన్ కొట్టిన. ఆమెనే ఎత్తింది.

"చెల్లె, నువ్వే చేసినవా? మీ ఆయన..." అన్నది.

"ఏడుంటవ్?" అన్న.

"మానుకోట పక్క తండా. చెల్లె, జర ఇను..."

"వచ్చి ఇంట" అని తండా పేరు అడిగి పెట్టేసిన. ఆమె మళ్ల చేసింది, ఎత్తలే.

ఎల్లుండి పోత. అవ్వతోని దోస్తు పెండ్లి అని చెప్పిన. ఏం మాట్లాడాలెనో కూడబలుక్కున్న. అన్నీ మందారిక మాటలే వస్తున్నయి. మన మాటలల్ల గిసుంటియి ఎట్ల అంటరో నాకు తెల్వదు.

సెప్టెంబర్ 3

బతికే ఉన్నడు. బతికే ఉన్నడు. రేపు రాస్త.

సెప్టెంబర్ 5

నిన్న రాయలేకపోయిన. ఇయ్యాల రాస్త.

జనగామల రైలెక్కి మానుకోటల దిగి ఆటోల తండాకు పోయిన. రేకుల ఇల్లు. వాకిట్ల ఒకామె మక్క కంకులు ఒలుస్తున్నది. నాకన్న పెద్దది. కండ్ల కింద నల్లగ గుంటలు. నేను ఏమనుకున్నా, గా మనిషిని అయితే అనుకోలే. నన్ను చూసి లేచి లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. తలుపు తెరిచి ఉంది. లోపట గోడకు ఫోటో, ఫోటోకు దండ. ప్రేమన్న.

మా బరాత్‌ల ఎగిరినోడు. సోమ్లీ అంటే ప్రేమన్న పెండ్లాం. ప్రేమన్న ముచ్చట్లు గన్ని విన్న గని ఆయన పెండ్లాం పేరేందని నేను ఒక్కనాడు అడగలే. ఈయన ఎప్పుడు "వదిన" అనే అనేటోడు.

నీళ్ల చెంబు పట్టుకొని గట్లనే నిలబడ్డ.

"కూసో చెల్లె" అన్నది సోమ్లక్క. "నీకు చెప్దామని ఎన్నిసార్లు ఫోన్ కొట్టిన్నో. నీ నంబర్ నా కాడ లేకపాయె. ఆయనకే కొడుదు, ఫోన్ నీకు ఇయ్యుమందు, ఇయ్యకపోవు. తమ్మి ఈడికి వస్తడు. గా గద్దె మీద కూసుంటడు. ఏం మాట్లాడడు. అన్నం పెడితే తినడు. లేచి పోతడు. మొన్న పోతప్పుడు గేటు కాడ ఆగి, 'వదినా, నేను గూడ ప్రేమన్న కాడికే పోత' అన్నడు. గోదారి మంచిగ నిండింది అన్నడు. గదే చెప్దామంటే నువ్వు ఇనకుంట పెట్టేస్తివి."

నేనే పెట్టేసిన. రెండు దినాలు పోగొట్టిన.

జబీన్‌కు ఫోన్ కొట్టి గోదారి మాట చెప్పిన. "బండి లేదే. పొద్దుగాలే పోయిండు" అన్నది. నా గొంతు ఇని ఇంకేం అడగలే. "అజహర్ ఆటోల మహదేవపూర్‌కే కిరాయి తీస్కపోయిండు. గోదారి దిక్కు పొమ్మని నేను చెప్త. నువ్వు మీ ఆయనకు కొట్టుకుంట ఉండు, ఆపకు."

కొట్టిన. ఎత్తలే. మళ్ల కొట్టిన. సోమ్లక్క నా పక్కన కూసొని నా భుజం పట్టుకున్నది, మక్క పీచు అంటిన చెయ్యితోని. మళ్ల కొట్టిన. ఎత్తిండు. గాలి సప్పుడు తప్ప ఏం లేదు.

"బావా, ఏడున్నవ్?"

పలుకలే. ఇన్ని దినాలు నేను ఆడనే ఆగిన. పలకకపోతే ఊకున్న. ఆ ఊకునుడే ప్రేమ అనుకున్న.

"బావా, సచ్చిపోదామనుకుంటున్నవా?"

నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. సోమ్లక్క చెయ్యి నా భుజం మీద బిగుసుకున్నది.

"ఊఁ" అన్నడు.

నేను ఏడుస్తననుకున్న. ఏడుపు రాలే. భయం ఉంది గని అది ఆయనంటే భయం గాదు. ఇన్ని దినాలు ఆయనంటే ఉన్న భయం ఆ గడియల ఆయన కోసం అయ్యింది. గంత తేడా.

"నేను ఫోన్ పెట్టను. నువ్వు గూడ పెట్టకు. గోదారి బ్రిడ్జి మీద ఉన్నవా?"

"ఊఁ."

"బండి ఏడ పెట్టినవ్?"

"గీడనే. రోడ్డు పక్కకు."

"బండి కాడికి నడువు. నడిచి, దాని మీద కూసో. నేను ఇంటున్న."

అడుగుల సప్పుడు ఇనబడింది. నాకు ఆ సప్పుడు కన్న మంచిది ఇంకేం లేదు.

"నేను సోమ్లక్క ఇంట్ల ఉన్న బావా."

"వదిన ఇంట్లనా?" అన్నడు. అప్పుడు గొంతు పలిగింది. చిన్న పిలగాడు ఏడ్చినట్టు. "చెప్పిందా?"

"నువ్వే చెప్పు."

చెప్పిండు. ఆగుకుంట, ముక్కు ఎగబీల్చుకుంట. "నేను ప్రేమన్న పక్కనే ఉన్న మనీషా. నీకు అబద్ధం చెప్పిన. పైన పటపటమన్నది. నేను ఉరికిన. ఎనుకకెల్లి 'భాస్కరా' అని కేకేసిండు. నేను తిరిగి చూడలే. నన్ను పిలుస్తుంటే నేను తిరిగి చూడలే. ఏ సప్పుడైనా నాకు గదే. గిన్నెలు పడ్డనాడు గూడ నిన్ను తోసి నేనే ఉరికిన. నిన్ను గూడ ఇడిచిపెట్టి ఉరికిన."

గా దినం కోపం అని రాసుకున్న నేను.

"చెప్పు, ఇంకా చెప్పు" అన్న. చెప్పిందే మళ్ల చెప్పిండు. దూరంగ హారన్ కొట్టుడు ఇనబడ్డది. తర్వాత అజహరన్న గొంతు, "భాస్కర్, అరె భాయ్, ఈడ ఉన్నవా. దా, చాయ్ తాగుదాం దా." మామూలుగ, బస్టాండ్ల కనబడ్డట్టు. తర్వాత ఫోన్ తీసుకొని, "చెల్లె, చెయ్యి పట్టుకున్న. ఇడువను" అన్నడు.

అప్పుడు ఏడ్చిన. సోమ్లక్క గూడ ఏడ్చింది. తన ఏడుపు వేరు. ప్రేమన్న చెయ్యి గట్ల ఎవ్వలు పట్టుకోలే.

సెప్టెంబర్ 7

వరంగల్ల పెద్ద దవాఖాన. మనసుకు చూసే డాక్టరమ్మ. ఆయన లోపట, బయట బెంచి మీద నేను, అవ్వ. నేను రావొద్దన్నా అవ్వ వచ్చింది.

సెప్టెంబర్ 12

మందులు ఏసుకుంటున్నడు. ఎక్కువ పంటున్నడు. డాక్టరమ్మ నన్ను గూడ పిలిచి చెప్పింది, గిది పిచ్చి గాదు, ప్రమాదం చూసినోళ్లకు వస్తది, తగ్గుతది గని తొందరపెట్టొద్దు అని. ఒంటిగ ఉంచొద్దన్నది. ఆ మాట మళ్ల అంటే భయపడకుంట అడగాలె, అడిగితే ఎక్కువ కాదు అన్నది. కట్టయ్య కాక బాయి కాడ మాట్లాడిండట, ఇంకొన్ని దినాలు సెలవు, తర్వాత పైన పని అడగొచ్చట.

మాట్లాడుతున్నడు. ఒక్కోసారి ఆపకుంట మాట్లాడుతడు, అన్నం చల్లారిపోతది. పుస్తకంల గట్ల ఉండదు. అందుల ఆయన ఒక్కసారి మాట్లాడంగనే కథ అయిపోతది. ఇంట్ల అయితే తెల్లారి మళ్ల పొద్దువొడుస్తది, మళ్ల అడగాలె.

కత్తిపీట, ఇంకా కొన్ని వస్తువులు జబీన్ కాడ పెట్టిన. ఆయన చూసిండు. ఏమనలే. మంచిదే అన్నట్టు తల ఊపిండు.

సెప్టెంబర్ 13

ఏం కాలే ఇయ్యాల. ఇడ్లీ పోసిన.

సెప్టెంబర్ 20

పుస్తకం గట్టి దారం పెట్టి కుట్టి జబీన్‌కు ఇచ్చిన.

"ఇగ వాడు నచ్చుతలేడా?" అన్నది.

నిజం చెప్పిన. "నచ్చుతడే. ఇప్పటికి గూడ ఆ మెట్ల కాడికి వస్తే గుండె కొట్టుకుంటది."

"మరి?"

"ఆయన లోపట ఏముందో తర్వాత పేజీల రాసి ఉంటది జబీన్. మనం భయపడుకుంట భయం లేకుంట ఉండొచ్చు. ఇంట్ల ఎవలు రాస్తరు? నేనే రాసుకున్న, ఆయన లోపటిది. అన్నీ తప్పే రాసిన."

జబీన్ పుస్తకం కొంగుల చుట్టుకున్నది. "అయినా గోదారి కాడికి పోయింది నీ భైరవదేవుడు గాదు, మా క్రికెట్ అజహరే" అన్నది. నేను నవ్విన. ఆమె నవ్వలే. "ఆ దినం మా ఆయన ఇంటికి వచ్చి చేతులు చూపెట్టిండు మనీషా. గంత గట్టిగ పట్టుకున్నడు నీ మొగన్ని, తన గోళ్లే తన అరచేతుల దిగినయి. ఒక్క ముక్క చెప్పలే. నేనే అడిగిన."

అక్టోబర్ 6

సోమ్లక్క రమ్మన్నది. పోనా వద్దా అని ఆయన రెండు దినాలు తిప్పలు పడ్డడు. పొద్దుగాల తనే చొక్కా ఏసుకొని "పోదాం" అన్నడు.

గద్దె మీద కూసున్నడు. సోమ్లక్క ఎదురుంగ కింద కూసున్నది. నేను తలుపు కాడ. ఆయన తల లేపకుంట అంతా చెప్పిండు, పటపటమన్న కాడికెల్లి కేక దాకా. "తిరిగి చూడలే వదినా" అన్నడు.

 సోమ్లక్క ఇగ వెళ్లిపొమ్మంటదనుకున్న. అట్లన్నా ఆమెకు హక్కుంది.

"ఎట్ల పిలిచిండు?" అన్నది.

"ఏంది వదినా?"

"కేకేసిండన్నవ్ గదా. ఎట్ల ఏసిండు? ఏసి చూపియ్యి."

"నాతోని కాదు."

"ఆయన ఆఖరి మాట నువ్వే ఇన్నవ్ తమ్మీ. నేను ఇనలే. నాకు ఇనిపియ్యి."

ఆయన నా దిక్కు చూసిండు. లేచిండు. నోరు తెరిచిండు, రాలే. మళ్ల తెరిచి కేకేసిండు, "భాస్కరా!" అని, తన పేరు తనే, ఇంకో మనిషి గొంతుతోని. కోళ్లు చెదిరిపోయినయి. పక్కింటోళ్లు బయటికి వచ్చిండ్రు.

సోమ్లక్క కండ్లు మూసుకున్నది.

"ఎడ్లు చేన్ల పడితే నన్ను గట్లనే పిలిచేటోడు" అన్నది కండ్లు తెరవకుంటనే. "'సోమ్లీ!' అని. ఉరుకు, ఎడ్లను మలుపు అని. గది భయపడ్డ గొంతు గాదు తమ్మీ. భయమైతే ఆయనకు గొంతే రాదు. పాము కనబడితే మాట లేకుంట నిలబడేటోడు. గట్ల నిన్ను ఉరుకుమన్నడు. ఆయన ఉరుకుమన్నడు, నువ్వు ఉరికినవ్."

ఆయన గద్దె మీద కూలబడి ఏడ్చిండు. సోమ్లక్క లేచి ఆయన తల మీద చెయ్యి పెట్టి, తర్వాత లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నది. లోపట సప్పుడు లేదు.

పోతప్పుడు ఆటో ఎక్కుకుంట వెనుకకు చూసిన. గేటు కాడ నిలబడ్డది. నా కండ్లల్లకు సూటిగ చూసింది. నిజమే చెప్పిందా, ఈయన బతకాలని చెప్పిందా, నాకు ఎర్క లేదు. అన్నీ అడగాలెనని నేర్చుకున్న గని ఈ ఒక్కటి అడగను.

రైల్ల నా భుజం మీద పన్నడు. పక్క పట్టాల మీద గూడ్స్ బండి ధడధడమని వచ్చింది. ఉలిక్కిపడి లేచి నా చెయ్యి పట్టుకున్నడు. లేచి ఉరకలే.

"భయమైతుందా?" అని అడిగిన.

"అయితుంది."

"నాక్కూడ" అన్న.

బండి అంతా పోయిందాక ఇద్దరం గట్లనే కూసున్నం.